‘ఇంపోర్ట్ సక్సెస్‌ఫుల్’ సరే.. సున్నా ఏదీ?

భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఖమ్మం జిల్లాలో పుట్టినవాళ్ళకు ఈ మూడు అంకెలూ ఎక్కాల కంటే ముందే వస్తాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు.. ఇవి కూడా అందరికీ నోటికే. బస్టాండులో టీ తాగేవాడిని అడిగినా చెప్తాడు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. 53 అడుగులు సరే, ఎక్కడినుంచి 53?

నది లోతా? కాదు. సముద్రమట్టం నుంచా? అదీ కాదు. సముద్రమట్టానికి 53 అడుగులంటే 16 మీటర్లు, ఆ లెక్కన భద్రాచలం ఎప్పుడో పాపికొండల కిందకి జారిపోయి ఉండాలి. గేజి సున్నా అనేది సముద్రమట్టానికి 107 అడుగుల ఎత్తున ఉంది. 43కి 107 కలపండి. 150 అడుగులు. మీటర్లలో 45.72. కేంద్ర జలసంఘం పట్టికలో భద్రాచలం హెచ్చరిక మట్టం సరిగ్గా ఇదే అంకె. ఇంకో సంగతి చూడండి, పోలవరం పూర్తి నిల్వ మట్టం ఎంత? 150 అడుగులు, 45.72 మీటర్లు! అంటే జలాశయాన్ని నిండుగా నింపి నిలబెట్టిన రోజున, చుక్క వరద లేకపోయినా, లెక్క ప్రకారం భద్రాచలం గేజి మొదటి హెచ్చరిక దగ్గరే ఉండాలి. ఈ ముక్క 43ని పట్టుకుని కూర్చుంటే ఎప్పటికీ కనబడదు. 107 తెలిస్తేనే కనబడుతుంది.

ఆ 107 గురించే నా గోలంతా.

నేను చేసే పని ఏమిటంటే, ఒక త్రీడీ ప్రోగ్రాములో ఉన్న నేలని ఇంకో త్రీడీ ప్రోగ్రాములోకి తీసుకెళ్ళే కోడు రాయడం. సర్వేవాడు సివిల్ త్రీడీలో ఇస్తాడు, ఆర్కిటెక్టుకి రెవిట్‌లో కావాలి, ఆయన దగ్గరున్న కుర్రాడికి స్కెచ్‌అప్‌లో కావాలి, వాక్‌త్రూ చేసేవాడికి మ్యాక్స్‌లోనో అన్‌రియల్‌లోనో కావాలి. నలుగురికీ ఒకే కొండ, ఒకే వాగు. ‘ఫార్మాట్ కన్వర్షనే కదా, ఇందులో ఏముంది?’ అని మా ఫీల్డులోనే చాలామంది అంటూంటారు. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే: ఇది ఫార్మాట్ సమస్య కాదు. ఒక ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాముకి వెళ్ళేటప్పుడు ఆకారం బాగానే వెళ్తుంది, రంగులతో సహా వెళ్తుంది. పోయేది ఆ 107. ఎత్తు ఎక్కడినుంచి కొలిచారు, దేనితో కొలిచారు, నేలని కొలిచారా చెట్టు నెత్తిని కొలిచారా, ఈ వివరం పోతుంది. పోయిందని ఎవరూ చెప్పరు. కింద ఆకుపచ్చ టిక్కు మార్కుతో ‘ఇంపోర్ట్ సక్సెస్‌ఫుల్’ అని వస్తుంది. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని రాసేది మనమే, సాఫ్ట్‌వేర్ వాళ్ళం.

ఎలా పోతుందో కొంచెం వివరంగా చూద్దాం. మన దగ్గర ‘సైటు సైటే కదా’ అని కొట్టిపారేసేవాళ్ళు ఎక్కువ.

భద్రాచలం సర్వే చేసినవాడు సాధారణంగా యూటీఎం 44వ జోన్‌లో ఇస్తాడు. ఆ లెక్కలో భద్రాచలం భూమధ్యరేఖకు ఉత్తరంగా 19 లక్షల 50 వేల మీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. చాలా గ్రాఫిక్స్ ప్రోగ్రాములు ఒక సంఖ్యని 32 బిట్లలో దాచుకుంటాయి. పది లక్షలు దాటి ఇరవై లక్షల దరిదాపుల్లో ఉన్న సంఖ్యకి ఆ 32 బిట్లలో దొరికే అతి చిన్న మెట్టు పన్నెండున్నర సెంటీమీటర్లు. అంటే కాలువ గట్టు, మెట్ల అంచు, ప్రహరీ గోడ.. అన్నీ పన్నెండున్నర సెంటీమీటర్ల గంతులు వేస్తాయి. కెమెరా కదిపితే మోడల్ మొత్తం మలేరియా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. రెవిట్ అయితే తన మూలబిందువుకి మరీ దూరంగా ఏదైనా ఉంటే ఒప్పుకోనని ముందే చెప్తుంది. అది నిజాయితీ, మెచ్చుకోవాలి.

ఈ వణుకు పోగొట్టడానికి అందరూ చేసే పని ఏమిటి? సైటుని పట్టుకుని సున్నా దగ్గరికి లాక్కురావడం. ‘సెంటర్ టు సెంటర్’ అని ఒక ఆప్షను ఉంటుంది, నొక్కగానే కొండ, వాగు, ఊరు, గోదారి అన్నీ తెర మధ్యకి వచ్చి బుద్ధిగా కూర్చుంటాయి. లాగడం తప్పని నేననను, అది అవసరం. ఎంత లాగారో ఎక్కడా రాసిపెట్టకపోవడం తప్పు. మర్నాడు ఇంకొకడు అదే సైటులో రోడ్డు డ్రాయింగు తెచ్చి తన సొంత సెంటర్‌కి లాగుతాడు. రెండు సెంటర్లూ కలవవు. అప్పుడు మన వీరుడు రోడ్డుని మౌసుతో పట్టుకుని ‘ఇక్కడ అయ్యుంటుందిలే’ అని కళ్ళతో చూసి అతికిస్తాడు. అయిపోయింది, సర్వే డబ్బులు గోదాట్లో కలిసినట్టే.

ఇక లాండ్ఎక్స్ఎంఎల్ అని ఒక ఫార్మాట్ ఉంది. నేల ఉపరితలం అటూ ఇటూ మోయడానికి ఉన్నవాటిలో ఇదే కాస్త పెద్దమనిషి. త్రిభుజాలని త్రిభుజాలుగానే మోస్తుంది. ఇందులో ఒక బిందువుని రాసేటప్పుడు ముందు ఉత్తరం, తర్వాత తూర్పు, ఆ తర్వాత ఎత్తు రాస్తారు. మన ప్రోగ్రామర్లకి ముందు ఎక్స్, తర్వాత వై అలవాటు. చదివేవాడు డాక్యుమెంటు చూడకుండా మొదటిది ఎక్స్ అనుకున్నాడనుకోండి, మొత్తం ప్రాంతం మూలగీత మీద అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. భద్రాచలం దగ్గర గోదారి వాయవ్యం నుంచి వచ్చి ఆగ్నేయానికి పోతుంది కదా? ఆ మోడల్లో ఆగ్నేయం నుంచి వచ్చి వాయవ్యానికి, అంటే పుట్టిల్లు నాసిక్ వైపుకి తిరుగుప్రయాణం కడుతుంది :) ఇలాంటి తప్పు నవ్వు తెప్పిస్తుంది కాబట్టే ప్రమాదం లేదు, చూడగానే దొరికిపోతుంది.

అడుగుల గొడవ ఇంకోటి. అమెరికాలో రెండు రకాల అడుగులు ఉండేవి, మామూలుది, సర్వే అడుగు. రెంటికీ తేడా పది లక్షలకి రెండు వంతులు, అంతే. సర్వే అడుగుకి 2022 చివరితో అధికారికంగా సెలవిచ్చేశారు, కానీ పాత టెంప్లేట్లలో ఇంకా బతికే ఉంది. పది లక్షలకి రెండు వంతులు ఏం లెక్కలే అనుకుంటాం. 19 లక్షల 50 వేల మీటర్ల మీద అది దాదాపు 4 మీటర్లు. ఖమ్మంలో 4 మీటర్ల స్థలం ధర ఎంతో చెప్పనవసరం లేదనుకుంటా. ఎస్‌టీఎల్, ఓబీజే లాంటి ఫార్మాట్ల సంగతి మరీ ఘోరం, వాటిలో యూనిట్ అనే మాటే ఉండదు. 45 అంటే 45. మీటర్లా, అడుగులా, మూరలా, నీ ఇష్టం.

ఆకారం కూడా పూర్తిగా క్షేమం కాదులెండి. త్రిభుజాలు వదిలేసి బిందువులు మాత్రం పంపితే, అవతలి ప్రోగ్రాము తనకి తోచినట్టు కొత్త త్రిభుజాలు అల్లుకుంటుంది. కరకట్ట పైఅంచు ఒక గీతగా సాగాలి. దాన్ని బ్రేక్‌లైన్ అంటారు. అది పోయి రంపం పళ్ళలాగా తయారవుతుంది. కాంటూర్ల నుంచి నేల అల్లినప్పుడు ఇంకో తమాషా: వాగు మలుపు దగ్గర ఒకే కాంటూరు మీది మూడు బిందువులు కలిసి బల్లపరుపు త్రిభుజం అవుతాయి. వాగు అడుగు ఏటవాలుగా కాకుండా మెట్లు మెట్లుగా దిగుతుంది. కిన్నెరసానిని అలా మెట్లబావిలాగా గీసిన మోడల్ నా కళ్ళతో చూశాను. తెర మీద మాత్రం ఎంత అందంగా ఉందో!

ఇంతవరకూ చెప్పింది మంచి సర్వే చేతిలో ఉన్నప్పటి సంగతి. అది లేనప్పుడు ఏం చేస్తున్నాం? ఇంటర్నెట్ నుంచి ఉచితంగా నేల దింపుకుంటున్నాం.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ పదకొండు రోజులు తిరిగి, రాడార్‌తో భూగోళంలో ఎక్కువ భాగాన్ని కొలిచింది. ఎస్‌ఆర్‌టీఎం. మనిషి చేసిన గొప్ప పనుల్లో అదొకటి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ రాడార్ తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు. అది దట్టమైన అడవి మీద పడితే నేలదాకా దిగదు, కొమ్మల్లోనే ఎక్కడో ఆగి వెనక్కి వెళ్ళిపోతుంది. పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్ళేటప్పుడు రోడ్డుకి అటూ ఇటూ కనిపించే అడవి గుర్తుందా? టేకు, ఇప్ప, తునికి, వెదురు. ఆ అడవి ఎస్‌ఆర్‌టీఎంకి అడవి కాదు, గుట్ట. చెట్లు కొట్టేసిన చెలక దాని లెక్కలో లోయ. (ఫిబ్రవరి మన అడవి ఆకురాల్చే కాలం కాబట్టి తప్పు కొంత తగ్గింది. అదే సెప్టెంబరులో ఎగిరి ఉంటే ఇంకా దారుణంగా ఉండేది.) పైగా ఎత్తుని పూర్ణాంకాల్లో, మీటర్లలో చెప్తుంది. ఒక గడి 30 మీటర్లు. కరకట్ట వెడల్పు అంతకంటే తక్కువ కాబట్టి చుట్టుపక్కల నేలలో కలిసిపోయి కట్టే మాయమవుతుంది. దాని మీద నీళ్ళు నింపి చూపించే వీడియోలు యూట్యూబులో వచ్చాయంటే నమ్మకండి, కట్టలేని ఊళ్ళో కట్ట ఎంత ఆపుతుందో చూపించడం అది.

మనదైన కార్టోశాట్ కూడా ఉంది. 2005లో పైకి వెళ్ళింది. రెండు కెమెరాలతో తీసిన బొమ్మల నుంచి తయారైన కార్టోడెమ్‌ని భువన్ సైటులో పెట్టారు. సంతోషం. కెమెరా కూడా చెట్టు నెత్తినే చూస్తుంది, అది పక్కన పెట్టండి. అందులోని ఎత్తులు సముద్రమట్టం నుంచి కాదు, ఎలిప్సాయిడ్ అనే గణిత గోళం నుంచి. మన ప్రాంతంలో ఈ రెంటికీ తేడా సుమారు 70 మీటర్లు. ఆ అంకెల్ని ఉన్నదున్నట్టు వాడితే భద్రాద్రి రామయ్య సముద్రమట్టానికి ఇరవై మీటర్ల కింద ఉన్నట్టు లెక్క!

మళ్ళీ చెప్తున్నా, 70 మీటర్ల తప్పుతో నాకు పేచీ లేదు. ఊరు సముద్రంలో మునిగి కనిపిస్తే ఎంత బద్ధకస్తుడైనా లేచి కూర్చుంటాడు. పేచీ అంతా మీటరు, మీటరున్నర తప్పుతో. అది కంటికి కనబడదు, క్లయింటుకి కనబడదు, టెస్టింగులో దొరకదు. ఎస్‌ఆర్‌టీఎం వాడే ప్రపంచ సముద్రమట్టం వేరు, సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కు రాయి మీద చెక్కిన సముద్రమట్టం వేరు. రెంటినీ ‘ఎమ్మెస్సెల్’ అనే పిలుస్తాం. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల రేషన్ కార్డులు కలిపేసినట్టు.

యూరప్‌లో ఒక ఉదాహరణ ఉంది. రైన్ నది మీద లాఫెన్‌బుర్గ్ దగ్గర జర్మనీ ఒకవైపు నుంచి, స్విట్జర్లాండ్ ఇంకోవైపు నుంచి వంతెన కడుతూ వచ్చాయి. రెండు దేశాల సముద్రమట్టాలకీ 27 సెంటీమీటర్ల తేడా ఉందని వాళ్ళకి ముందే తెలుసు. తెలిసి కూడా కలపాల్సింది తీసేశారు, 2003లో చూసుకుంటే తేడా 54 సెంటీమీటర్లయి కూర్చుంది. జర్మన్లూ స్విస్సులూ కలిస్తేనే అలా అయింది, సున్నా అంటే ఏంటని అడిగితే మొహం చూసే మనవాళ్ళ సంగతేంటి? అయితే వాళ్ళకో అదృష్టం ఉంది, వంతెన రెండు చివర్లూ కలవకపోతే కనబడుతుంది. మన మోడల్లో రెండు నేలలు కలవకపోతే సాఫ్ట్‌వేర్ వాటి మధ్య చక్కగా నున్నటి వాలు గీసి కలిపేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఈ మీటరు గొడవ ఎవరి కొంప ముంచుతుంది?

పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల భూమిని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది, ఊరు దాటి నాలుగడుగులు వేస్తే ఎటపాక, అది వేరే రాష్ట్రం. పునరావాసాన్ని రెండు దశలుగా విడగొట్టారు. మొదటి దశ 41.15 మీటర్ల కాంటూరు వరకు, రెండోది 45.72 వరకు. ఆ గీతకి ఇవతల ఉన్న ఇల్లు ముందు లేస్తుంది, ముందు పరిహారం వస్తుంది. అవతల ఉన్న ఇల్లు ఆగాలి. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పరు. గీత అంటే ఏమిటి? ఒక నేల మోడల్‌ని 41.15 దగ్గర కత్తితో అడ్డంగా కోస్తే వచ్చే అంచు. అంతే. మోడల్ ఎంత నిజమో గీత అంతే నిజం.

2022 జూలై వరదలో ఆ ప్రాంతం మునిగింది. తర్వాత లైడార్‌తో సర్వే చేశారు. లైడార్ అంటే లేజర్ చుక్కలు, లక్షల్లో. చెట్ల సందుల్లోంచి కొన్నయినా నేలని తాకి వస్తాయి, వాటిని ఏరుకుంటే అసలు నేల బయటపడుతుంది. అలా చూస్తే అదే 41.15 మీటర్ల పరిధిలోకి అదనంగా 36 ఆవాసాలు, 16 వేలకు పైగా కుటుంబాలు వస్తాయని తేలింది. డ్యాము ఎత్తు పెరగలేదు. గోదారి మారలేదు. కొలత మారింది. 16 వేల కుటుంబాలు అప్పటిదాకా లెక్కలో గీతకి అవతల ఉన్నాయి!

దీన్ని ఎవరో ఒక ఆపరేటర్ నొక్కిన బటను మీద తోసేయడం నా ఉద్దేశ్యం కాదు. నేను చెప్పేది దాని పరిమాణం. మామూలు రెండొందలకి ఒకటి వాలున్న పొలంలో మీటరు ఎత్తు తేడా వస్తే నీటి అంచు రెండొందల మీటర్లు జరుగుతుంది. గోదారి ఒడ్డున రెండొందల మీటర్లంటే ఒక వాడ, ఒక బడి, ఒక రామాలయం. మనం ఆఫీసులో ‘టాలరెన్స్‌లోనే ఉంది’ అని టికెట్ మూసేసే మీటరు అది.

2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ వెనకనీటి గొడవ మీద రాష్ట్రాలని కూర్చోబెట్టి మాట్లాడమని కేంద్రానికి చెప్పింది. కిన్నెరసాని, ముర్రేడు వాగుల్లోకి నీళ్ళు ఎందాకా ఎగదన్నుతాయో ఉమ్మడి సర్వే చేయాలని తెలంగాణ పట్టుబట్టింది. పేపర్లో చదివేవాడికి అది రాజకీయం. నాకు మాత్రం అది రెండు ఫైళ్ళ మధ్య సున్నా కోసం గొడవలాగా కనిపిస్తుంది. ఉమ్మడిగా ఒకే రాయి మీద నిలబడి కొలవండి అని అడగడం, దానికి కోర్టు దాకా వెళ్ళాల్సి రావడం.

అడవి హద్దు సంగతి కూడా ఇలాంటిదే. 1819-20 ప్రాంతంలో జార్జి ఎవరెస్ట్ అనే ఆయన కృష్ణా గోదావరి మధ్య అడవుల్లోకి సర్వేకి వచ్చి, జ్వరంతో పడిపోయి, కోలుకోవడానికి ఆఫ్రికా చివర కేప్ దాకా వెళ్ళాల్సొచ్చింది. హిమాలయ శిఖరానికి పేరు ఆయనదే. పాత టోపో షీట్లన్నీ ఆయన పేరుమీదున్న 1830 నాటి ఎలిప్సాయిడ్ మీద గీసినవి. జీపీయస్ చూపించేది డబ్ల్యూజీఎస్ 84. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చకుండా ఉన్నదున్నట్టు పెడితే మన దగ్గర వంద, రెండొందల మీటర్లు పక్కకి జరుగుతుంది. పోడు భూమిని జీపీయస్‌తో కొలిచి, పాత షీటు నుంచి ఎక్కించిన రిజర్వు ఫారెస్టు గీత మీద వేశారనుకోండి. రెండొందల మీటర్లలో ఓ కోయ రైతు చెలక మొత్తం పడుతుంది. ఎవరెస్టుకి పట్టిన జ్వరం రెండొందల ఏళ్ళయినా వదల్లేదన్నమాట.

ఇవన్నీ చెప్తే నాకు వచ్చే సమాధానాలు మూడు నాలుగు ఉన్నాయి. అన్నీ విన్నవే.

మొదటిది మా ఆర్కిటెక్టు మిత్రుడిది. ‘మామా, ఇది ప్రెజెంటేషన్‌కే కదరా, కట్టేటప్పుడు మళ్ళీ సర్వే చేస్తారు.’ చెయ్యరు మామా. ఒకసారి తెర మీద పచ్చగా నిగనిగలాడిన బొమ్మ కనిపించాక, ఆ బొమ్మే సర్వే అవుతుంది. పేపరు మీద కాంటూర్లు చూసిన తహశీల్దారు కనీసం ‘ఇది ఎవరు గీశారు?’ అని అడుగుతాడు. త్రీడీలో తిప్పి చూపిస్తే ఎవరూ అడగరు. భద్రాచలం ఏజెన్సీ ప్రాంతం, 1996 పెసా చట్టం ప్రకారం భూసేకరణకి ముందు గ్రామసభని సంప్రదించాలి. అలాంటి సభలో ప్రొజెక్టరు పెట్టి ‘మీ ఊరికి నీళ్ళు రావు చూడండి’ అని చూపిస్తే, అక్కడ కూర్చున్న పెద్దాయన దేన్ని చూపించి కాదనాలి? ఆయన దగ్గర ఉన్నది గోడ మీద 86 నాటి బురద గీత. నిజానికి ఆ గీత మన మోడల్ కంటే మంచి డేటా. దానికి డేటమ్ ఉంది, ఆ ఇంటి గడప!

రెండోది ప్రోడక్ట్ మేనేజర్లది. ‘యూజర్‌ని ప్రశ్నలు అడిగితే చిరాకు పడతాడు, డిఫాల్ట్ పెట్టేయ్.’ ఆహా. బ్యాంకు యాప్‌లో పది రూపాయలు పంపడానికి నాలుగుసార్లు అడుగుతాం, ఓటీపీ పంపిస్తాం. ఒక కొండని కదపడానికి ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటం. అసలు డిఫాల్ట్ అంటే ఏమిటి? తెలియనిదాన్ని తెలిసినట్టు నింపడం. పరీక్షలో అలా నింపితే మార్కులు పోతాయి, ఇక్కడ నింపితే ‘స్మూత్ ఎక్స్‌పీరియన్స్’ అంటున్నాం.

మూడోది ‘ఓపెన్ స్టాండర్డ్ వస్తే అన్నీ సర్దుకుంటాయి’. వచ్చింది కదా! ఐఎఫ్‌సీ నాలుగో వెర్షన్‌లో, 2013 నుంచే, ఏ ప్రొజెక్షను, ఏ ఎత్తు డేటము, మూలబిందువు ఎంత జరిగింది రాసుకోవడానికి గడులు ఇచ్చారు. ఆ గడులు ఖాళీగా ఉంటున్నాయి. గడి ఇస్తే చాలదు, ఖాళీగా ఉంటే లోపలికి రానివ్వకూడదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఫోటో అతికించే చోటు ఉంది కాబట్టి ఫోటో లేకపోయినా ఫరవాలేదని ఏ ఆర్టీవో అయినా అంటాడా? (సరే, ఆ ఉదాహరణ వదిలేయండి.)

కాబట్టి నా వాదన ఇది: యూనిట్లు, ప్రొజెక్షను, ఎత్తు ఎక్కడినుంచి అనే సంగతి లేని నేల ఫైలుని ఇంపోర్టరు తిరస్కరించాలి. వార్నింగు కాదు, ఎర్రర్. యూజర్ తిట్టుకుంటాడు, తిట్టుకోనివ్వండి. వెళ్ళి సర్వేవాడిని అడుగుతాడు. ‘తెలియదు’ అనే ఆప్షను కావాలంటే పెట్టండి, కానీ అది ఎంచుకున్నవాడి మోడల్ మీద ప్రతి బొమ్మలోనూ, ప్రతి ప్రింటులోనూ ‘ఎత్తులు తెలియవు’ అని అడ్డంగా పడాలి. సైటుని సున్నా దగ్గరికి లాగితే, ఎంత లాగామన్నది నేలతోపాటే ప్రయాణం చేయాలి. నేల నుంచి దాన్ని విడదీసే దారే ఉండకూడదు. చెట్టు నెత్తిన కొలిచిన ఎత్తుకీ, నేల మీద కొలిచిన ఎత్తుకీ ఒకే రంగు వేయకూడదు.

ఇది కష్టమైన ఇంజినీరింగేం కాదు. కష్టమంతా అమ్మకాల్లో. పక్కవాడి ప్రోగ్రాము ఏ ప్రశ్నా అడక్కుండా తెరుస్తుంటే మనది అడిగితే డెమోలో ఓడిపోతాం. నాకు తెలుసు, ఓ మీటింగులో ఈ ప్రతిపాదన పెట్టి, ‘నైస్ టు హ్యావ్’ అనే శ్మశానానికి పంపబడ్డవాణ్ణి నేను.

ప్రభుత్వాల మీద కూడా ఒక మాట. 2021 ఫిబ్రవరి వరకూ మ్యాపులంటే రక్షణ శాఖ, అనుమతులు అని ఒక సాకు ఉండేది. ఆ నెలలో కేంద్రం నిబంధనలు ఎత్తేసింది, భారతీయ సంస్థలు ఎంత సూక్ష్మంగానైనా కొలుచుకోవచ్చు, వాడుకోవచ్చు. ఇంగ్లండులో 2015లోనే పర్యావరణ సంస్థ తన లైడార్‌ని అందరికీ తెరిచి పెట్టింది. సముద్రమట్టానికి కింద బతికే నెదర్లాండ్స్‌లో దేశం మొత్తం ఎత్తులూ ఎవడైనా దింపుకోవచ్చు. ప్రజల డబ్బుతో గోదారి లోయ మీద తీసిన లేజర్ చుక్కలు, వాటి బెంచ్‌మార్కులతో సహా, కూనవరం పిల్లవాడు కూడా దింపుకుని తన ఇంటి గడప ఎత్తు చూసుకునేలా ఉండాలి. కాంటూరు గీత పీడీఎఫ్‌లో ఇచ్చి ‘ఇదే నీ హద్దు’ అంటే కుదరదు. గీత కాదు, గీత దేన్ని కోసి తీశారో అది ఇవ్వాలి.

మనలో చాలామంది హైదరాబాదులో కూర్చుని అమెరికా, యూరప్ సైట్లని ఒక ప్రోగ్రాములోంచి ఇంకోదానికి మార్చే పనే చేస్తున్నారు. అక్కడి క్లయింటు డేటమ్ రాయకపోతే ఫైలు వెనక్కి కొడతాడు, మనం నోరుమూసుకుని రాస్తాం. అదే చేత్తో మన గోదారి సైటు వస్తే మాత్రం సెంటర్ టు సెంటర్. ఇదేం న్యాయమో నాకు అర్థం కాదు.

నేను ఒక చిన్న పరీక్ష ఫైలు తయారుచేసుకున్నాను. నేల ఏమీ లేదు, ఆరు బిందువులే. భద్రాచలం గేజి సున్నా 32.61 మీటర్లు. 43 దగ్గర 45.72, 48 దగ్గర 47.24, 53 దగ్గర 48.77. 2022ది 54.35, 1986ది 55.66. ప్రతి బిందువుకీ అది ఎక్కడినుంచి కొలిచిందో పక్కనే రాసి ఉంటుంది. ఏ కొత్త ప్రోగ్రాము చేతికొచ్చినా ముందు ఇది లోపలికి పంపి, మళ్ళీ బయటికి తీసి చూస్తాను. ఇప్పటికి నాలుగింట్లో వేశాను. ఆరు ఎత్తులూ నాలుగింట్లోనూ క్షేమంగా తిరిగొచ్చాయి. పక్కన రాసిన మాట ఒక్కదాంట్లో కూడా రాలేదు. ఎవరికైనా కావాలంటే అడగండి, ఫైలు పంపిస్తాను. మీ ప్రోగ్రాములో వేసి ఏమొచ్చిందో చెప్పండి.